పండు ఈగకు ప్రహరీ గోడ అడ్డు కాదు

జామపండు కోస్తే లోపల బియ్యపు గింజంత తెల్లటి పురుగు కనిపించిందా? దాన్ని తీసి పళ్లెంలో వేసి చూడండి. ఒళ్లు ముడుచుకుని టపీమని ఎగిరి పడితే అది పండు ఈగ పిల్లే. మామిడి, జామ, సపోటాల మీద వాలే ఈగ ఒక రకం. బీర, కాకర, దోస, సొర పాదుల మీద వాలేది ఇంకో రకం. రెండూ చేసే పని మాత్రం ఒకటే.

ఆడ ఈగ తన తోక చివరి సూదితో తొక్కను గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో అవి పొదిగి, పిల్లపురుగులు వారం పది రోజులు గుజ్జు తింటాయి. ఈలోగా కాయ రాలిపోతుంది. పురుగు బయటికొచ్చి మట్టిలో రెండు మూడు అంగుళాల లోపలే గూడు కట్టుకుంటుంది. వేసవి వేడికి మరో వారం పది రోజుల్లో కొత్త ఈగ పైకి లేస్తుంది. గుడ్డు, పిల్ల తొక్క లోపల, గూడు మట్టి కింద ఉంటాయి. బయట తిరిగేది ఎదిగిన ఈగ ఒక్కటే. కాయ మీద పురుగుమందు కొట్టినా లోపలి పురుగు చావకపోవడానికి కారణమిదే. కోతకు ముందు కొట్టిన మందు మన కంచంలోకి రావడం తప్ప మరేమీ జరగదు.

కాబట్టి మొదటి పని చెట్టు కింద మొదలవుతుంది. రాలిన కాయలను రోజూ, కనీసం రెండు రోజులకోసారి ఏరాలి. ఏరినవి గోడ అవతల పారేస్తే ఈగల్ని పక్కింటికి పంపినట్టే. కంపోస్టు కుప్పలో వేసినా అంతే, మన ఇళ్లలోని చిన్న కుప్ప పురుగు చచ్చేంత వేడెక్కదు. అరడుగు లోతులో పాతినా ఈగ మట్టిని తోసుకుని వచ్చేస్తుంది. మందపాటి నల్ల పాలిథీన్ సంచిలో వేసి, మూతి గట్టిగా కట్టి, పది రోజులు మండుటెండలో పెట్టండి. ఎండ లేని రోజుల్లో రెండడుగుల గుంత తీసి పాతి, పైన మట్టి బాగా తొక్కండి. చెట్టు పాదులో మట్టిని అప్పుడప్పుడు పైపైన తిరగేస్తే గూళ్లు బయటపడతాయి. ఎండ, చీమలు, కోళ్లు మిగతా పని చూసుకుంటాయి.

ఇక ఎర బుట్టలు, అంటే ఈగల్ని లాగే వాసన ముక్కను వేలాడదీసిన సీసాలు. చాలామంది తడబడేది ఇక్కడే. మామిడి, జామలకు మిథైల్ యూజినాల్ అనే ఎర, బీర, కాకర లాంటి పాదులకు క్యూ ల్యూర్ అనే ఎర కావాలి. ఒకదాని బదులు ఇంకొకటి కడితే బుట్ట ఖాళీగా వేలాడుతుంది. రెండూ కావాలంటే వేర్వేరు సీసాల్లో, దూరదూరంగా కట్టండి. లీటరు నీళ్ల సీసాకు పై భాగంలో చిటికెన వేలు పట్టేంత రంధ్రాలు నాలుగు పెట్టి, ఎర ముక్కను తీగతో వాటి ఎదురుగా వేలాడదీసి, అడుగున రెండు వేళ్ల ఎత్తు సబ్బు నీళ్లు పోసి మూత బిగిస్తే చాలు. ఎర అంటిన చేత్తో సీసా బయట తాకకండి. తాకితే ఈగలు లోపలికి పోకుండా బయటే మూగుతాయి. కొమ్మల నీడలో ఐదారడుగుల ఎత్తున కట్టండి. కట్టిన తీగకు కాస్త గ్రీజు రాయండి, లేకపోతే చీమలు చచ్చిన ఈగల్ని మోసుకుపోయి లెక్క తప్పుతుంది. తోటలో ఎకరాకు 6 నుంచి 10 బుట్టలు, కోతకు దాదాపు రెండు నెలల ముందే పెట్టాలి. ఎరను రెండు నెలలకోసారి, మండు వేసవిలో ఇంకా ముందే మార్చాలి. తులసిలోనూ మిథైల్ యూజినాల్ ఉంటుంది, నలిపిన ఆకుల మీద ఈగలు వాలేది అందుకే. కానీ ఆ వాసన ఒకటి రెండు రోజులకు మించి నిలవదు.

బుట్ట నిండా ఈగలు పడ్డాయని సంబరపడేముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ ఎరలకు వచ్చేవి మగ ఈగలే. ఒక్క మగ ఈగ మిగిలినా చాలా ఆడ ఈగలతో కలుస్తుంది. పైగా పక్కింట్లో అప్పటికే జతకట్టిన ఆడ ఈగ నేరుగా మీ జామచెట్టు మీదకొచ్చి గుడ్లు పెడుతుంది. వీధి మొత్తం కట్టినప్పుడే బుట్టకు బలం. కాలనీ వాళ్లను పోగుచేసినప్పుడు ఉపన్యాసం కంటే ఒక పుచ్చిన జామకాయ మేలు. దాన్ని అడుగున తడి ఇసుక పోసిన గాజు సీసాలో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, అందరికీ కనబడే చోట ఉంచండి. రెండు మూడు వారాలకు సీసాలో ఈగలు ఎగురుతాయి. ఆ తర్వాత రాలిన కాయను కాలితో పక్కకు నెట్టేసేవాళ్లు తగ్గుతారు.

ఆడ ఈగను ఆపేది కవరే. జామకాయ నిమ్మకాయంత అయినప్పుడు పల్చటి గుడ్డ సంచి తొడిగి కాడ దగ్గర కట్టండి. పాలిథీన్ వాడితే అడుగు మూలలు కత్తిరించాలి, లేకపోతే చెమ్మ చేరి కాయ కుళ్లుతుంది. కాకర, బీర కాయలకు పూత వాడిన రెండు మూడు రోజుల్లోనే తొడగాలి, ఆలస్యమైతే ఈగను లోపలే పెట్టి కట్టినట్టవుతుంది. బీర పిందె పసుపెక్కి రాలితే వెంటనే ఈగ మీద నెపం వేయకండి. కోసి చూడండి. పురుగు గానీ గుచ్చిన మచ్చ గానీ లేకపోతే పరాగం అందలేదన్నమాట. కాకర, దోసలకైతే పొద్దున్నే మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు తాకించండి. బీర పువ్వులు మాత్రం సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి ఆ పని అప్పుడే చేయాలి.

ఈ ఈగ ఎగుమతులనే ఆపగలదు. సరుకులో పండు ఈగ వంటివి దొరకడంతో ఐరోపా సమాఖ్య 2014 మే నుంచి మన మామిడి, కాకర, పొట్ల, వంకాయల్ని నిలిపేసింది. మామిడికి మళ్లీ అనుమతి వచ్చింది 2015లో. అమెరికాలో ఉన్న పిల్లలకు సూట్‌కేసులో మామిడిపండ్లు పంపేవాళ్లు ఒక్కసారి ఆగండి. కాలిఫోర్నియాలోని రెడ్‌లాండ్స్‌లో మామిడి, జామల మీద వాలే ఇదే జాతి ఈగను వదిలించుకోవడానికి 2024లో రెండు వేలకు పైగా ఇళ్ల పెరట్లలో కాయలన్నీ కోసి తీసేయాల్సి వచ్చింది.

వారానికోసారి సీసాలోని ఈగల్ని లెక్కపెట్టి తేదీతో రాసుకోండి. లెక్క హఠాత్తుగా పెరిగితే దగ్గర్లో ఎవరి చెట్టు కిందో కాయలు కుళ్లుతున్నాయని అర్థం, వెతికి ఏరించండి. మామిడి కోతలు అయిపోయాయని బుట్టలు దింపకండి. మామిడి మీద పెరిగిన ఈగలన్నీ వానాకాలం జామ మీదకే వస్తాయి.