చివరి పేజీల పని

అమెరికాలో రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే స్పెషలిస్టు శిక్షణ) సీటు కోసం ఎదురుచూసే మన ఎంబీబీఎస్ పట్టభద్రులకు, లైసెన్సు పరీక్షలు రాయడంతో పాటు ఏదో ఒక పరిశోధన బృందంలో చేరి నాలుగు వ్యాసాల మీద పేరు వేయించుకోవడం దాదాపు తప్పనిసరి తంతు అయిపోయింది. అలా చేరినవారిలో చాలామందికి జీతం ఉండదు, రోగిని ముట్టుకునే అనుమతి అసలే ఉండదు. కేస్ షీట్లు తిరగేయడం, అంకెలు ఎక్సెల్‌లోకి ఎక్కించడం, మాన్యుస్క్రిప్ట్ (వ్యాసం రాతప్రతి) తయారయ్యాక దాని చివరి పేజీల్లోని రిఫరెన్సులు, అంటే ఆధారంగా చూపిన వ్యాసాల జాబితా, చక్కదిద్దడం వారి వంతు. గుంటూరులో చదువు ముగించుకుని బాల్టిమోర్‌లో ఒక విభాగంలో చేరిన నా చేతికి మొదట వచ్చింది ఆ చివరి పేజీల పనే. "డాక్టరు చదివి కామాలు దిద్దడమేమిటే?" అని అమ్మ ఫోనులో అడిగింది. అడగవలసిన ప్రశ్నే.

వైద్య జర్నళ్లలో ఎక్కువ భాగం అనుసరించేది వాంకూవర్ పద్ధతి. 1978లో కొన్ని వైద్య జర్నళ్ల సంపాదకులు కెనడాలోని ఆ నగరంలో సమావేశమై, తమకు వచ్చే వ్యాసాలు ఏ రూపంలో ఉండాలో ఒక ఒప్పందానికి వచ్చారు. మరుసటి ఏడాది వెలువడిన ఆ నియమాలలో రిఫరెన్సుల రూపాన్ని రూపొందించినది అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం; అది మాకు కారులో గంట దూరంలో, బెథెస్డాలో ఉంది. సూత్రం తేలికే: వ్యాసంలో మొదటిసారి ప్రస్తావించిన వరుసలో అంకెలు వేయాలి, ఇంటిపేరు తర్వాత చుక్కలు లేని పొడి అక్షరాలు రాయాలి, జర్నల్ పేరును గ్రంథాలయం నిర్ణయించిన సంక్షిప్త రూపంలో ఇవ్వాలి, ఆపైన సంవత్సరం, సంపుటం, సంచిక, పేజీలు.

చిక్కు ఎక్కడంటే ప్రతి జర్నల్‌కూ దాని ఆచారం దానికుంది. ఒకచోట ఆరుగురు రచయితల పేర్లు రాసి ఆపైన 'ఎట్ ఆల్' (మరికొందరు) అంటారు. లాన్సెట్‌లో ఆరుగురి వరకు అందరినీ రాయాలి గాని ఏడో మనిషి చేరితే ముగ్గురే మిగులుతారు. ఒకరికి పేజీలు 284-7 అని ఉండాలి, మరొకరికి 284-287 అని పూర్తిగా కావాలి. అమెరికా వైద్య సంఘం జర్నల్ జామా పద్ధతిలో, వాక్యంలో రిఫరెన్సును సూచించే చిన్న అంకె కామాకు, ఫుల్‌స్టాప్‌కు తర్వాత వస్తుంది, సెమికోలన్‌కు మాత్రం ముందు వస్తుంది. పట్టికలో మాత్రమే కనిపించే రిఫరెన్సుకు, ఆ పట్టిక ప్రస్తావన వ్యాసంలో ఎక్కడ వస్తే అక్కడి వరుస అంకె పడుతుంది. ఒక జర్నల్ తిప్పికొట్టిన వ్యాసాన్ని ఇంకొక దానికి పంపేటప్పుడు ఇదంతా మళ్లీ మొదలవుతుంది. మొదటి విడతలో ఏ రూపంలో ఉన్నా పర్వాలేదనే జర్నళ్లు ఈమధ్య పెరిగాయి, వారికి దండం పెట్టాలి.

రిఫరెన్సులను కూర్చిపెట్టే ఎండ్‌నోట్, జోటెరో వంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, అవి లేకుంటే ఈ పని ఎవరికీ తెమలదు. అయితే వాటికి మనిషెవరో సంస్థ ఏదో తెలియదు. డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ రిసెర్చ్ గ్రూప్ అనే పేరును రచయిత గడిలో ఉన్నదున్నట్టు టైపు చేస్తే, చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుని ఎండ్‌నోట్ దాన్ని 'గ్రూప్ డిపిపిఆర్' అనే మహానుభావుడిగా మార్చేస్తుంది. పేరు చివర ఒక కామా పెడితే గాని దారికి రాదు. కామాల విలువ అమ్మకు వివరించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మన పేర్లది మరో తంటా. భీమవరంలో పుట్టి 1923లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ప్రకటించారు. 66వ సంపుటం 375వ పేజీలో మొదలయ్యే ఆ వ్యాసం ఈనాటికీ రిఫరెన్సులలో 'ఫిస్కే సిహెచ్, సుబ్బారో వై' అనే కనిపిస్తుంది. ఇంటిపేరు పొడి అక్షరంగా కుదించుకుపోయి, పెట్టిన పేరు ఇంటిపేరు స్థానంలో కూర్చుంది. ఇప్పుడు కూడా సర్టిఫికెట్‌లో ఒక వరుస, పాస్‌పోర్టులో ఒక వరుస ఉన్న మనవారు పబ్‌మెడ్ అనే వైద్య వ్యాసాల సూచికలో ఇద్దరు మనుషులుగా చీలిపోతుంటారు. 2012లో మొదలైన ఓర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్యను మొదటి వ్యాసానికి ముందే తీసుకొమ్మని మా తర్వాత వచ్చే పిల్లలకు చెబుతుంటాను.

రూపం సంగతి ఇంతే. అసలు పని అంకె వెనకాల ఉన్న వ్యాసాన్ని తెరిచి చదవడంలో ఉంది, దాన్ని మాత్రం ఎవరూ విడిగా అప్పగించరు. 1980 జనవరి 10న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒకే పేరా ఉన్న ఒక లేఖ అచ్చయింది. ఆసుపత్రిలో చేరి మత్తు తరహా నొప్పి మందులు పొందిన 11,882 మందిలో, అంతకుముందు వ్యసన చరిత్ర లేనివారిలో నలుగురికే వ్యసనం నమోదైందని దాని సారాంశం. ఇళ్లలో నెలల తరబడి మందులు మింగే రోగుల గురించి అందులో ఒక్క ముక్క లేదు. 2017లో కొందరు పరిశోధకులు ఆ లేఖను ఉదహరించిన వ్యాసాలన్నీ వెతికి 608 తేల్చారు. 70 శాతానికి పైగా వ్యాసాలు వ్యసనం అరుదు అనడానికి దాన్నే సాక్ష్యంగా చూపాయి, దాదాపు 80 శాతం వ్యాసాలు వారంతా ఆసుపత్రిలో చేరిన రోగులన్న మాటే ఎత్తలేదు. ఆ ధీమాతో రాసిన మందుల చీటీలు ఈ దేశాన్ని ఎక్కడికి తెచ్చాయో ఏ అత్యవసర విభాగంలోనైనా కనిపిస్తుంది. ఆ 608 జాబితాల్లో ఆ లేఖ సంవత్సరం, సంపుటం, పేజీ సరిగ్గానే పడి ఉంటాయి, వాటిలో తప్పు పట్టడానికి ఏ సాఫ్ట్‌వేర్‌కూ ఏమీ దొరకదు.

మా బృందంలోని ఒక మాన్యుస్క్రిప్ట్‌లో ఒక మందు మరణాలను తగ్గిస్తుందన్న వాక్యానికి చూపిన రిఫరెన్సు ఒక సమీక్షా వ్యాసం. ఆ సమీక్ష చూపిన మూల వ్యాసం తెరిస్తే, తగ్గినవి ఆసుపత్రిలో చేరికలే గాని మరణాలు కావు. గుంటూరులో అయితే ప్రొఫెసర్ గారితో ఈ మాట అనడానికి నాలుగు రోజులు తటపటాయించి, చివరికి పీజీ అక్క ఎవరితోనైనా చెప్పించేదాన్ని. ఇక్కడ వర్డ్ ఫైలు అంచున ఒక కామెంట్ పెట్టి, మూల వ్యాసంలోని పట్టిక సంఖ్య రాశాను. సాయంత్రానికి ఇక్కడి మా ప్రొఫెసర్ వాక్యాన్ని మార్చి, కామెంట్ కింద 'గుడ్ క్యాచ్' అని రాసి మూసేశారు. జీతం లేని మనిషి మాట అయినా ఆధారం చూపితే చెల్లుతుందన్న ఈ మర్యాద నాకు ఈ దేశంలో నచ్చిన వాటిలో ఒకటి. అందరి దగ్గరా ఉంటుందని మాత్రం చెప్పను.

వెనక్కి తీసుకున్న వ్యాసాల సంగతీ చూడాలి. 2020 మే 22న లాన్సెట్‌లో వచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ వ్యాసాన్ని జూన్ 4నే ఉపసంహరించారు, ఆ రెండు వారాల్లో దాన్ని తమ జాబితాలోకి ఎక్కించుకున్నవారు మళ్లీ చూసుకోకపోతే అది అక్కడే ఉండిపోతుంది. ఈ విషయంలో జోటెరో సాయపడుతుంది, అలాంటి వ్యాసం మన సేకరణలో ఉంటే అదే హెచ్చరిస్తుంది.

జర్నల్ అంగీకారం వచ్చాక, అచ్చుకు ముందు సరిచూసుకునే ప్రూఫులు వస్తాయి. చాలా ప్రచురణ సంస్థలకు పేజీలు కూర్చేది చెన్నై కంపెనీలే కనుక, బాల్టిమోర్‌లో రాసిన వ్యాసం మీద ప్రశ్నలు తరచుగా మనకు పొరుగు రాష్ట్రం నుంచి, మనం నిద్రపోయే వేళకు వచ్చి చేరతాయి. గడువు సాధారణంగా 48 గంటలే. ప్రశ్నల్లో సగం ఒకే తరహావి: 17వ రిఫరెన్సుకు పేజీ సంఖ్యలు లేవు, దయచేసి ఇవ్వగలరు. చాలాసార్లు నా జవాబూ ఒకటే: ఆ వ్యాసం ఆన్‌లైన్‌లో మాత్రమే వెలువడింది, దానికి పేజీలు లేవు, ఉన్నది వ్యాస సంఖ్యే, దాన్ని అలాగే ఉంచండి.