మడమ తగిలే క్షణం

ఇవాళ మ్యూనిక్ 2022 యూరోపియన్ ఛాంపియన్‌షిప్స్ నడక పందెం రీప్లేలో హంగేరీ నడకగత్తె విక్టోరియా మదరాస్ మోకాలు ఒక్కటే చూస్తూ కూర్చున్నా. ఇంటిపేరు మన మద్రాసు కాదండోయ్, హంగేరియన్‌లో పిట్టలు పట్టేవాడని అర్థం.

తంటా అంతా ఆ మోకాలితోనే. మడమ నేలకు తగిలినప్పటి నుంచి ఒళ్లు దాని మీదికి నిలువుగా వచ్చేదాకా అది వంగకూడదు. అలసట ముదిరాక అడుగు ఇంకాస్త చాచబోతే చాలు, మెత్తబడుతుంది. జడ్జి పసుపు పలక చూపిస్తే ఉత్త హెచ్చరికే. ముగ్గురు వేర్వేరు జడ్జీలు ఎర్రకార్డు రాశారో, 35 కిలోమీటర్ల రేసులో మూడున్నర నిమిషాలు పెనాల్టీ జోన్‌లో ఆగాలి. నాలుగోది పడితే ఇంటికే.

రెండు కాళ్లూ ఒకేసారి గాల్లోకి లేవడమూ తప్పే. కానీ అది కెమెరాలో దొరికినా లెక్కలోకి రాదు, జడ్జి కంటికి కనబడాలి. నాకైతే అదే న్యాయం.

విక్టోరియా 2016లో రియో ఒలింపిక్స్‌లో 20 కిలోమీటర్లు నడిచింది. ఆరేళ్ల తర్వాత, 37 ఏళ్ల వయసులో, కిలోమీటరు ఐదు నిమిషాల్లోపు లెక్కన 35 నడిచి యూరోపియన్ కాంస్యం. ముందున్నది ద్రిస్బియోటి, గొంజాలెజ్ మాత్రమే.

పెద్ద పోటీల్లో ఆ 35 కిలోమీటర్ల రేసు ఇప్పుడు పోయింది. 2026 నుంచి హాఫ్ మారథాన్, మారథాన్ దూరాలు. 42 కిలోమీటర్లు ఆ మోకాలితో!