సరౌండ్ స్పీకర్లతో మూడు వారాలు: నా అనుభవం

నిన్న రాత్రి మా హాల్లో ఐదు స్పీకర్లూ సరిగ్గా పలికాయి. మూడు వారాల తిప్పలు. మర్చిపోకముందే రాసేస్తున్నాను.

మాది కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాటు. హాలు వెడల్పు 10 అడుగులు. ఎడమవైపు బాల్కనీ అద్దాల తలుపు. కుడివైపు గోడే లేదు, భోజనాల బల్ల దాకా ఖాళీ. 5.1 సెట్టు కొన్నాం, అంటే ఐదు స్పీకర్లు, బేస్ (లోతైన శబ్దం) కోసం ఒక సబ్‌వూఫర్. ముందు మూడు స్పీకర్లు పెట్టడం గంట పని. సబ్‌వూఫర్‌ని సోఫా మీద పెట్టి పాట వేశాను. గది చుట్టూ వంగి వింటూ తిరిగి, బేస్ ఎక్కడ బిగువుగా వినిపించిందో అక్కడికి దాన్ని మార్చాను. గొడవంతా వెనక రెండింటితోనే.

షాపు పంపిన టెక్నీషియన్ వచ్చీ రాగానే వాటిని సోఫా వెనక గోడకి, సీలింగ్ కింద బిగించేశాడు. సరౌండ్లు, అంటే ఈ వెనక స్పీకర్లు, మనం కూర్చునే చోటికి రెండు పక్కలా, కాస్త వెనక్కి, ఎదురుగా సున్నా అనుకుంటే సుమారు 110 డిగ్రీల దగ్గర ఉండాలని, చెవి కంటే కొంచెం ఎత్తు చాలని చెప్పాను. "అందరిళ్లలో ఇంతే మేడమ్. సార్ వచ్చాక మాట్లాడతా" అన్నాడు. మా ఆయన అకౌంట్స్ మనిషి. ఈసీఈ డిప్లొమా చేసింది నేను.

తర్వాత ఆంప్లిఫయర్ మైకు పెట్టి సెట్టింగ్ మొదలుపెట్టాడు. ఎడమ సరౌండ్ దగ్గర తెర మీద ఫేజ్ హెచ్చరిక వచ్చింది, అంటే ప్లస్, మైనస్ వైర్లు తారుమారై ఉండొచ్చని. నేను అడిగేలోపే స్కిప్ నొక్కాడు. కొన్ని స్పీకర్లకి వైర్లు సరిగ్గా ఉన్నా ఆ హెచ్చరిక వస్తుంది, నిజమే. కానీ ఒకసారి చూడాలి కదా! 2,500 రూపాయలు తీసుకున్నది దేనికి?

ఆదివారం మా ఆడపడుచు వాళ్లు సినిమా చూద్దామని వచ్చారు. వాన సీను. చప్పుడు ఉంది గానీ ఎటు కురుస్తోందో తెలియదు, వెనకంతా పల్చగా, బోలుగా ఉంది. మా ఆయన టెక్నీషియన్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. "మేడమ్‌కి ఏవో అనుమానాలు సార్. చెవులు అలవాటు పడాలి, అంతే" అన్నాడు. హాల్లో ఏడుగురున్నారు. అందరూ నావైపు చూశారు. మా ఆయన "పోనీలే" అన్నారు. నాకు ఆ మాటే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. ఆ రాత్రి నిద్రపోలేదు.

మర్నాడు అందరూ వెళ్లాక టెస్టర్ తీశాను. వైరు పారదర్శకంగా ఉండే రకం, ఒక తీగ రాగి రంగు, ఇంకోటి వెండి రంగు. ఆంప్లిఫయర్ దగ్గర రాగి తీగ ఎర్ర టెర్మినల్‌లో ఉంది, స్పీకర్ దగ్గరా అంతే. రెండు చివర్లూ సరిగ్గానే ఉన్నాయి. రెండు రోజులు అక్కడే ఆగిపోయాను. మూడో రోజు వైర్లన్నీ ఊడదీసి, 1.5 వోల్టుల బ్యాటరీ తెచ్చి, స్పీకర్ జాలీ తీసి, ప్లస్‌కి ప్లస్ నేరుగా ఒక్క క్షణం తాకించాను. కోన్ (స్పీకర్‌లో కదిలే పొర) బయటికి కదిలింది. వైరుని స్పీకర్‌కి మళ్లీ బిగించి, అదే బ్యాటరీని వైరు అవతలి చివర, రాగి తీగకి ప్లస్ వచ్చేలా తాకిస్తే లోపలికి పోయింది. అంటే తప్పు వైరులోనే! కేసింగ్ పట్టీ ఊడదీశాను. వైరు చాలక మధ్యలో అతుకు వేశాడు. నల్ల టేపు విప్పితే రాగి తీగకి వెండి తీగ ముడేసి ఉంది.

ఫొటో తీసి షాపు వాళ్లకి పంపాను. కొత్త వైరు ఇచ్చారు, క్షమించమని మాత్రం అనలేదు. ఇంట్లో పని ఎవరికి తెలుసో వాళ్లతో మాట్లాడాలన్న మర్యాద ఈ షాపులకి ఎప్పుడొస్తుంది? అమ్మాయిలూ, టెస్టర్, టేపు, బ్యాటరీ ఇంట్లో పెట్టుకోండి. ఎవరు ఏమన్నా చివరిదాకా వెతకండి.

ఆ తర్వాతంతా నేనే చేశాను. సోఫాని గోడ నుంచి అడుగున్నర ముందుకి జరిపాను. మా బాబు జామెట్రీ బాక్సులో కోణమానిని, ఒక దారం తీసుకుని కొలిచాను. 10 అడుగుల గదిలో 110 డిగ్రీలంటే చెవుల వరుస నుంచి దాదాపు రెండడుగుల వెనక్కి. ఓనరు గారిని అడిగి, ఎడమ స్పీకర్‌ని బాల్కనీ తలుపు దాటాక ఉన్న గోడకి నాలుగున్నర అడుగుల ఎత్తులో బిగించాను. కుడిదాన్ని అంతే ఎత్తు స్టాండు మీద పెట్టాను. ఫ్యాన్ ఆపి, కుక్కర్ దించాక, మైకుని సోఫా మీద కాకుండా ట్రైపాడ్ మీద చెవి ఎత్తులో నిలబెట్టి మళ్లీ సెట్టింగ్ చేశాను. ఈసారి హెచ్చరిక రాలేదు. కుడివైపు గోడ లేదు కాబట్టి అటు కొంచెం తక్కువగా వినిపించింది. 2 డెసిబెల్స్ పెంచాను.

రాత్రి అదే వాన సీను వేశాను. మా ఆయన సినిమా మధ్యలో ఆపి, ఆడపడుచుకి ఫోన్ చేశారు: "ఆ రోజు మీ వదిన చెప్పిందే నిజం. వచ్చే ఆదివారం మళ్లీ రండి."