బావా, 204 తీసుకో

నిన్న రాత్రి మారతహళ్లి ట్రాఫిక్‌లో క్యాబ్ ఇరుక్కుపోయి ఉండగా టెక్సస్ నుంచి బావ ఫోన్. తను పనిచేసే పశువుల రాంచ్‌లో ప్రెయిరీ డాగ్‌లు (పేరుకే డాగ్, నిజానికి ఉడుత జాతి జంతువులు) పచ్చిక మేసేసి, నేలంతా బొరియలు తవ్వేస్తున్నాయట. రైఫిల్ కొనాలి, ఏ సైజు తూటా కాల్చేది తీసుకోవాలి, 204 రూగరా, 223 రెమింగ్టనా చెప్పమన్నాడు. నేనిక్కడ కాల్చేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. అర గ్రాము పెల్లెట్, కాగితం మీద చుక్క. అయినా ఈ లెక్కలంటే నాకు ప్రాణం.

రెండింట్లోనూ 40 గ్రెయిన్ల, అంటే 2.6 గ్రాముల హోర్నడీ కంపెనీ వీ-మ్యాక్స్ బుల్లెట్ దొరుకుతుంది. బరువు ఒకటే. కానీ 204ది సన్నగా పొడుగ్గా ఉండి గాలిని చీల్చుకుపోతుంది. గాలి ఆపినా వేగం ఎంత నిలుపుకుంటుందో చెప్పే అంకె, బాలిస్టిక్ కోఎఫిషియెంట్, దీనికి 0.275. ఎక్కువుంటే మంచిది. 223ది పొట్టిది, 0.200. ఈదురుగాలిలో 300 గజాల దగ్గర ఈ తేడా చిన్నది కాదు.

పైగా 204 వెనక్కి తన్నడం తక్కువ. స్కోప్‌లోంచి కన్ను తీయకుండానే దెబ్బ ఎక్కడ తగిలిందో కనిపిస్తుంది. ట్రిగ్గర్ నొక్కాక కూడా కన్ను అక్కడే ఉండాలని రోజూ సాధన చేసేదాన్ని, నాకు అదే ముఖ్యం.

223 తూటాలు అక్కడ ఎక్కడైనా దొరుకుతాయి, చవక కూడా. అది ఒప్పుకోవాలి.

"నెలకి ఎన్ని కాలుస్తావు బావా?"

"వంద దాటదు."

అంతేనా, అయితే ధర చూడకు, 204 తీసుకో అన్నాను. గొట్టం తుడిచే క్లీనింగ్ రాడ్ మాత్రం 20 క్యాలిబర్‌దే, అంటే 204 గొట్టానికి సరిపోయే సన్నదే కొనమన్నాను. 22ది ఆ గొట్టంలో దూరదు.