మాటల్లేని రష్యన్ పాఠం

1983లో మాస్కోలో దిగేనాటికి నాకొచ్చిన రష్యన్ రెండే మాటలు: స్పసీబ (థ్యాంక్స్), దస్విదానియ (వెళ్లొస్తా). లుముంబా యూనివర్సిటీలో మొదటి ఏడాదంతా భాషకే. ఆరు విభక్తులు, మూడు లింగాలు. క్లాసులో టీచర్ నా వైపు చూస్తే చాలు, టెన్షన్‌తో వచ్చిన మాట కూడా మర్చిపోయేవాణ్ణి. ఇంటి నుంచి ఉత్తరం రావడానికి వారాలు పట్టేది.

ఆ చలికాలంలో ఒకరోజు మా టీచరమ్మ, టీవీలో మళ్లీ వేస్తున్న ఒక సీరియల్ చూసి రమ్మన్నారు. ‘వసంతంలో పదిహేడు క్షణాలు’. మొత్తం పన్నెండు భాగాలు. 1973 ఆగస్టులో మొదటిసారి వచ్చినప్పుడు ఆ వేళకి వీధులు ఖాళీ అయిపోయేవని చెప్పారు. హాస్టల్లో టీవీ ఉన్న గది కిక్కిరిసిపోయింది. కథ జర్మనీలో, యుద్ధం చివరి రోజుల్లో, నాజీల మధ్య వాళ్ల అధికారిగా బతుకుతున్న సోవియట్ గూఢచారిది. డైలాగులు నాకు పదింటికొకటి అందుతోంది.

అప్పుడొచ్చింది కాఫీ హోటల్ సీను. భార్యని దూరం నుంచి చూడ్డానికి మాత్రమే అతనికి వీలు కల్పించారు. ఆవిడ వేరే బల్ల దగ్గర కూర్చుంది. పలకరించకూడదు, లేచి వెళ్లకూడదు. సంగీత దర్శకుడు తారివెర్దియెవ్ పియానో తప్ప ఒక్క మాటా లేదు. ఐదారు నిమిషాలు గూఢచారిగా వేసిన టీఖనవ్ ముఖం, ఆవిడ ముఖం, అంతే. తోడొచ్చినతను ఆవిణ్ణి తీసుకుని వెళ్లిపోయాడు. ఆ దేశంలో నాకు పూర్తిగా అర్థమైన మొదటి విషయం అదే. నా పక్కన కూర్చున్న ఇథియోపియా కుర్రాడు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు.

మర్నాడు టీచరమ్మ బోర్డు మీద ఒక పేరు రాశారు: తత్యానా ల్యోజ్నవ. ఇంత పెద్ద గూఢచారి కథ తీసింది ఒక స్త్రీ అని అప్పుడే తెలిసింది. 1924లో మాస్కోలో పుట్టారు. తండ్రి యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. వ్గీక్ సినిమా ఇన్‌స్టిట్యూట్‌లో దర్శకుడు గెరాసిమోవ్ దగ్గర చదువుకున్నారు. 1949లో చదువు పూర్తయినా సొంత సినిమా చేతికి రావడానికి 1958 దాకా ఆగాల్సి వచ్చింది. ఎదురుచూపు అంటే ఏమిటో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. సీరియల్‌ని బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు కాబట్టే, మధ్యమధ్య వచ్చే యుద్ధకాలపు అసలు న్యూస్‌రీల్ ముక్కలు అతుకు కనపడకుండా కలిసిపోయాయి.

నన్నడిగితే మాత్రం 1967లో తీసిన ‘ప్ల్యూషిఖాలో మూడు పోప్లార్ చెట్లు’ ఇంకా గొప్పది. పల్లెటూరి ఇల్లాలు న్యూర, ఇంట్లో చేసిన హ్యామ్ అమ్ముకోడానికి మాస్కో వస్తుంది. ఒక టాక్సీ డ్రైవర్ ఆవిణ్ణి మనిషిలా పలకరిస్తాడు. కారులో ఆవిడ మెల్లగా ఒక పాట అందుకుంటుంది. తర్వాత అతను కింద ఎదురుచూస్తుంటే కిటికీలోంచి చూస్తుంది, దిగి వెళ్లదు. మా ఊరి సంతకి కూరగాయలు తెచ్చే ఆడవాళ్ల ముఖాల్లో నేను న్యూరని చాలాసార్లు చూశాను.

2011 సెప్టెంబరులో ల్యోజ్నవ పోయారని చదివిన రాత్రి, కంప్యూటర్‌లో ఆ కాఫీ హోటల్ సీను పెట్టుకున్నాను. మంచం మీదున్న అమ్మ దగ్గరికొచ్చి కూర్చుంది. ఆమెకి రష్యన్ అక్షరం తెలియదు. కదలకుండా చివరిదాకా చూసింది.

“ఎన్నాళ్లకి కలిశార్రా వీళ్లు?” అంది.

“చాలా ఏళ్లకమ్మా.”

“అయ్యో, ఆ పిల్ల ఇప్పుడు ఒక్కతే అంత దూరం ఎట్లా పోతుంది?”