పానగల్లు కట్ట మీద నలుగురం

2024 డిసెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున మా ఇంట్లో నలుగురం హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 10కె రన్, అంటే పది కిలోమీటర్ల పరుగు, పూర్తి చేశాం. పాపకు పదిహేనేళ్లు, బాబుకు పన్నెండు. ఆ ఫొటోలు చూసినప్పటి నుంచి మా కాలనీలో, మా స్కూల్ స్టాఫ్ రూమ్‌లో అడుగుతున్నవి రెండే ప్రశ్నలు. టైమ్ ఎంత వచ్చింది? పిల్లల్ని అంత దూరం ఎలా ఉరికించారు? మొదటిదానికి జవాబు కింద చెప్తాను. రెండోదానికి మాత్రం ఒక్క ముక్కలో చెప్పలేను, ఎందుకంటే పిల్లల్ని "ఉరికించడం" ఒకసారి చేసి చూశాం, చాలా పెద్ద తప్పు జరిగింది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మొదలుపెట్టింది 2021లో. లాక్‌డౌన్ రోజులు, పిల్లలు పొద్దున లేస్తే ఫోన్, పడుకునే దాకా ఫోన్, ఆన్‌లైన్ క్లాసు అని ఒక పేరు. మా ఆయనకు షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పారు. ఆయన నడక మొదలుపెడితే తోడుగా నేను, మమ్మల్ని చూసి పిల్లలు. మాది నల్లగొండ. పక్కనే ఉన్న పానగల్లు దాకా బండి మీద పోయి ఉదయసముద్రం చెరువు కట్ట మీద నడిచేవాళ్లం. మొదటి వారం బాబు "అదిగో ఆ స్తంభం దాకా పందెం" అనడం, ఉరకడం, అక్కడ నడుం పట్టుకుని నిలబడిపోవడం. నేనైతే రెండు వందల మీటర్లకే ఆయాసపడేదాన్ని. అది తప్ప ప్లాన్ అంటూ ఏమీ లేదు.

కానీ నాకు ఆ కట్ట మీద పరుగు అంటే మొదటి నుంచీ వేరే భావన ఉంది. మా అత్తమ్మది మర్రిగూడ దిక్కు పల్లెటూరు. నల్లగొండ వాళ్లకు మర్రిగూడ అంటే ఇంకేం చెప్పనక్కర్లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే మంచిది కాదంటారు, అక్కడి బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ ఉండేది. అత్తమ్మకు చిన్నప్పుడే పళ్లు గార పట్టాయి, నలభై దాటేసరికి మెడ తిరగడం ఆగింది, ఇప్పుడు నడుం వంగి కర్ర పట్టుకుంటేనే నాలుగు అడుగులు. కింద కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా మా ఊరి పేరే పెట్టుకున్నారు, నల్లగొండ టెక్నిక్ అని. పటిక, సున్నం కలిపి మడ్డిని కిందికి దింపే పద్ధతి, నాగ్‌పూర్ నీరి సంస్థ వాళ్లు తయారు చేసింది. పేరు మాకు వచ్చింది, మా అత్తమ్మ తరానికి మోకాళ్లు తిరిగి రాలేదు. ఒకటిన్నర టీఎంసీల ఈ ఉదయసముద్రంలోకి కృష్ణా నీళ్లు వచ్చి, ఆ నీళ్లు ఇళ్లకు చేరాకే మా పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. ఆ నీళ్ల పక్కనే వాళ్లు ఉరుకుతుంటే నేను వెనక నుంచి వాళ్ల మోకాళ్లనే చూసేదాన్ని, ఇప్పటికీ చూస్తాను.

మూడు నెలలయ్యాక కొంచెం పద్ధతిగా మొదలుపెట్టాం. రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, మళ్లీ పరుగు. పరుగెత్తేటప్పుడు మాట్లాడుకోగలగాలి, మాట రాకుండా రొప్పుతున్నారంటే వేగం ఎక్కువైనట్టే. ఇది నాకు అన్నిటికంటే పనికొచ్చిన సూత్రం, దీనికి వాచీ కూడా అక్కర్లేదు. బాబు ఎక్కాలు చెప్పుకుంటూ ఉరికేవాడు, పదమూడో ఎక్కం మధ్యలో ఆగిందంటే మేమంతా నడక. వారానికి నాలుగు రోజులే పరుగు. ఆదివారం కొంచెం పొడుగు దూరం, అది కూడా వారానికి అర కిలోమీటరో, మహా అయితే కిలోమీటరో పెంచేవాళ్లం, నాలుగో వారం మళ్లీ తగ్గించేవాళ్లం. పరీక్షల నెలలో పూర్తిగా బంద్.

ఎండాకాలం గురించి గట్టిగా చెప్పాలి. మే నెలలో నల్లగొండ 44 డిగ్రీలు దాటుతుంది, రాత్రంతా గోడలు సెగలు కక్కుతాయి. పిల్లల ఒళ్లు పెద్దవాళ్ల ఒళ్లులాంటిది కాదు, వాళ్లకు చెమట తక్కువ పడుతుంది, ఒంట్లో వేడి త్వరగా పెరుగుతుంది. దాహం వేసిందని చెప్పేలోపే ముఖం కందిపోతుంది. అందుకని ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఐదుకే మొదలు, ఆరుకల్లా ఇంటికి. లేకపోతే ఆ రోజుకు పరుగే లేదు. నీళ్లలో కొంచెం ఉప్పు, చక్కెర, నిమ్మకాయ. ఇంటికొచ్చాక రాగి జావ, లేదంటే ముందురోజు జొన్న రొట్టె పెరుగుతో. బత్తాయిలు ఎలాగూ మా జిల్లావే, సీజన్‌లో బస్తా తెచ్చి పెట్టుకుంటాం. పౌడర్లు, జెల్‌లు మాకు ఎప్పుడూ అవసరం పడలేదు, ఐదూ పది కిలోమీటర్లకు వాటి అవసరం ఉందని నేను అనుకోను కూడా.

కుక్కల సంగతి ఎవరూ రాయరు గానీ మన దగ్గర అదే పెద్ద టెన్షన్. పానగల్లు రోడ్డు మీద తెల్లవారుజామున నాలుగైదు గుంపుగా ఉంటాయి. ఉరికితే వెంటపడతాయి. కుక్క కనిపించగానే నలుగురం పరుగు ఆపి, పిల్లల్ని మధ్యలో పెట్టుకుని, దాని కళ్లలోకి చూడకుండా మెల్లగా నడిచి దాటడం అలవాటు చేసుకున్నాం. మా ఆయన చేతిలో కర్ర ఎప్పుడూ ఉంటుంది, ఇప్పటిదాకా ఎత్తే అవసరం రాలేదు.

ఇప్పుడు ఆ తప్పు గురించి. 2022లో మా పట్టణంలోనే ఒక 5కె రన్ జరిగింది. బాబుకు పదేళ్లు. అప్పటికి వాడు నాలుగు కిలోమీటర్లు నడుస్తూ ఉరుకుతూ హాయిగా చేసేవాడు. కానీ ఆ రోజు మైకులు, డప్పులు, పక్కనంతా జనం, మా ఆయనకు ఏమైందో తెలియదు, అరగంటలో పూర్తి చేయాలని పట్టుబట్టారు. మూడో కిలోమీటరు దగ్గర వాడు పక్కటెముకల కింద పట్టేసిందని ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు. నేను పాపతో వెనక ఉన్నాను, కేకేశాను, వినపడలేదు. వాడు పూర్తి చేశాడు, మెడల్ మెడలో వేశారు, పక్కకొచ్చి వాంతి చేసుకున్నాడు. ఆ తర్వాత రెండు నెలలు కట్ట మీదికి రానన్నాడు. బూట్లు మంచం కిందికి తోసేశాడు. మెడల్ ఎక్కడ పెట్టాడో ఇప్పటికీ తెలియదు.

మా ఆయన మంచి మనిషి, అందుకే ఇది రాస్తున్నాను. మంచి తండ్రులు కూడా ఈ పని చేస్తారు. 2006లో ఒడిశాలో బుధియా సింగ్ అనే నాలుగేళ్ల పిల్లాడు పూరీ నుంచి భువనేశ్వర్ దాకా 65 కిలోమీటర్లు ఉరికాడు, దేశమంతా చప్పట్లు కొట్టింది, చివరికి డాక్టర్లు పరీక్షించాక ప్రభుత్వమే వాడి పరుగును ఆపించాల్సి వచ్చింది. ఆ వార్త చూసినప్పుడు నాకు పెళ్లి కూడా కాలేదు, అయ్యో అనుకుని వదిలేశాను. బాబు వాంతి చేసుకున్న రోజు రాత్రి అదే గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

రెండు నెలల తర్వాత మా ఆయనే వాడి దగ్గర కూర్చుని "నాదే తప్పు నాన్నా" అన్నారు. వాడు అప్పుడు ఒక షరతు పెట్టాడు. ఎవరైనా సరే ఆగుతానంటే ఆగాలి, ఎందుకని అడగొద్దు. ఇదే మా ఇంట్లో ఇప్పటికీ ఉన్న ఏకైక నియమం. తర్వాత గమనించాను, ఆగొచ్చని తెలిశాక వాడు ఆగడం తగ్గింది.

2023లో బాబుకు మడమ నొప్పి వచ్చింది. పొద్దున లేవగానే కుంటేవాడు. బెణికిందేమో అని నూనె రాశాం, వారమైనా తగ్గలేదు. ఎముకల డాక్టర్ చూసి, ఎదిగే వయసులో మడమ ఎముక చివర ఇంకా గట్టిపడని భాగం ఉంటుంది, పిక్క కండరం దాన్ని లాగుతూ ఉంటే నొప్పి వస్తుంది, ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో మామూలే అని చెప్పారు. మందేమీ రాయలేదు. ఆరు వారాలు పరుగు బంద్, ఐస్, బూట్లో మడమ కింద మెత్తటి ప్యాడ్, పిక్కలు సాగదీసే వ్యాయామం. మీ పిల్లలు ఆటల తర్వాత మడమ నొప్పి అంటే దయచేసి "అదే తగ్గుతుందిలే" అని ఉరికించకండి. ఇంకోటి, బూట్లు. పిల్లల పాదం ఆరు నెలల్లో పెరుగుతుంది, నిలబడినప్పుడు బొటనవేలి ముందు ఒక వేలెడు జాగా ఉండాలి. ఇంకో ఏడాది వస్తాయి కదా అని పెద్దవి కొనడం, బిగుతైనవి లాగించడం, రెండూ మేం చేసి మానేశాం.

బాబు ఇంట్లో ఉన్న ఆ ఆరు వారాల్లో పాప మనసులో మాట బయటపడింది. అప్పటిదాకా నలుగురం కలిసే ఉరకాలి అనేది నా పంతం. తమ్ముడి కోసం ఆగి ఆగి దానికి విసుగొచ్చిందని నేను గమనించనే లేదు. ఒకరోజు లతీఫ్ సాబ్ గుట్ట మెట్లు ఎక్కడానికి పోయాం. ఒక్క బిగిన పైకి పోయి నిలబడింది, నేను చేరేసరికి ఊరంతా చూస్తూ ఉంది, "అమ్మా, నాకు ఇలా ఉరకాలని ఉంటుంది, మీరు నన్ను ఉరకనివ్వరు" అంది. కోపంగా కూడా అనలేదు. ఆ రోజు నుంచి కలిసి బయల్దేరతాం, కలిసి ఇంటికొస్తాం, మధ్యలో ఎవరి పరుగు వాళ్లది. ఒంటరిగా పంపడానికి భయం కాబట్టి మా ఆయన సైకిల్ మీద దాని వెంట.

ఇక డిసెంబర్ రన్. అది 10కె, మారథాన్ కాదు. మన దగ్గర రెండు కిలోమీటర్లు ఉరికినా మారథాన్ అంటారు గానీ మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. ఆ 195 మీటర్లు ఎందుకమ్మా అని బాబు అడిగితే వెతికి చెప్పాను, 1908 లండన్ ఒలింపిక్స్‌లో రాజుగారి కోట దగ్గర మొదలుపెట్టి స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోట ముగించారు, ఆ దూరమే 1921లో ఖాయమైంది అని. వాడికి అది ఎంత నచ్చిందో, దారి పొడుగునా అదే చెప్పాడు. మూడింటికి నల్లగొండలో బయల్దేరి నార్కట్‌పల్లి మీదుగా హైవే ఎక్కాం. చౌటుప్పల్ దగ్గర, ఇంటింటికీ నల్లా నీళ్ల పథకం మిషన్ భగీరథ పైలాన్ దాటేటప్పుడు మా ఆయన ఎప్పుడూ ఒకసారి అటు చూస్తారు, ఆ చీకట్లో కూడా చూశారు.

అంత జనాన్ని చూసి నాకే కడుపులో తిప్పింది. మొదటి మూడు కిలోమీటర్లు మంచు, చల్లగాలి, ట్యాంక్‌బండ్ మీద హుస్సేన్‌సాగర్ పొగమంచులో, చాలా బాగుంది. పాప ఎప్పుడో వెళ్లిపోయింది. బాబు, నేను, మా ఆయన మా రెండు నిమిషాలు, ఒక నిమిషం లెక్కలోనే. ఆరున్నర కిలోమీటర్ల దగ్గర వాడు డివైడర్ మీద కూర్చుండిపోయాడు. "ఇక చాలమ్మా" అన్నాడు. మేమిద్దరం చెరోపక్క కూర్చున్నాం. మా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు, వాడి బూటు లేసు విప్పి వదులుగా మళ్లీ కట్టారు. ఐదు నిమిషాలో, ఆరు నిమిషాలో. వందల మంది మమ్మల్ని దాటిపోయారు. నీళ్లు తాగాడు, అరటిపండు సగం తిన్నాడు. "నడుద్దాం, ఉరకమని అనొద్దు" అన్నాడు. సరే అన్నాం. ఒక కిలోమీటరు నడిచాక వాడే పదమూడో ఎక్కం మొదలుపెట్టాడు.

తొమ్మిదో కిలోమీటరు దాటాక బారికేడ్ అవతల నుంచి కేక వినపడింది. పాప. 1 గంట 2 నిమిషాల్లో పూర్తి చేసి తమ్ముడి కోసం వెనక్కి వస్తే వాలంటీర్లు లోపలికి రానివ్వలేదట, ఫుట్‌పాత్ మీదే, ఆ రెయిలింగ్ అవతలే మాతో సమానంగా ఉరుకుతూ వచ్చింది, జనాన్ని తప్పించుకుంటూ, మెడలో మెడల్ ఎగురుతూ. మాకు పట్టింది 1 గంట 34 నిమిషాలు. టైమ్ అడిగినవాళ్లకు ఇదీ జవాబు. బాబు మెడల్ తీసుకుని దాన్ని తిప్పి తిప్పి చూశాడు, ఈసారి ఎక్కడా దాచలేదు, మెడలోనే ఉంచుకుని కారులో నిద్రపోయాడు.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ వాకిట్లో కుర్చీలో ఉంది. బాబు మెడల్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. మెడ వంగదు కాబట్టి కళ్ల ఎత్తుకు లేపుకుని చూసింది.

"ఎంత దూరం ఉరికినవ్ బిడ్డా?"

"పది కిలోమీటర్లు నాయనమ్మా."

"అంటే మా ఊరి నుంచి మర్రిగూడకు పోయి అచ్చినంత." చిన్నప్పుడు ఆ దారిలో నెత్తిన గంపతో నడిచేదాన్నని చెప్పింది, ఈ మాట మాతో ఎప్పుడూ అనలేదు. కాసేపు మెడల్ చేత్తో తడుముతూ ఉండి అడిగింది, "మరి దారిల ఏం నీళ్లు తాగినవ్ రా?"

"సీల్ బాటిల్ ఇచ్చారు నాయనమ్మా, మంచి నీళ్లే."

"ఆఁ, గట్లయితే మంచిది," అని మెడల్ వాడి మెడలో వేసింది.