బాయిసీలో బట్టల కొట్టు గవర్నర్

అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ నుంచి ఐడహో రాష్ట్ర రాజధాని బాయిసీ దాకా ఐదు గంటల రోడ్డు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చెప్పాల్సింది మెయిన్ స్ట్రీట్, తొమ్మిదో వీధి కలిసే మూల గురించి. అక్కడ 1924లో కట్టిన అలెగ్జాండర్ బిల్డింగ్ ఉంది. మా బాబాయి కొడుకు ఇక్కడి మైక్రాన్ అనే చిప్‌ల కంపెనీలో ఇంజినీరు, ఏళ్ల తరబడి ఆ మూల మీదుగానే తిరుగుతున్నాడు. "ఈ అలెగ్జాండర్ ఎవర్రా?" అంటే "ఏమో అన్నయ్యా, ఎప్పుడూ చూడలేదు" అన్నాడు. నాకు నిజంగా బాధేసింది.

మా నాన్నది తెనాలిలో బట్టల కొట్టు. గుడ్డల తానును మీటరు బద్దతో కొలిచే మనిషికి ఊళ్లో ఎంత మర్యాద ఉన్నా, ఎన్నికల్లో నిలబడతానంటే నవ్వేవాళ్లే ఎక్కువ. అందుకే మోజెస్ అలెగ్జాండర్ కథ నన్ను ఇంత దూరం లాక్కొచ్చింది. 1853లో బవేరియా రాజ్యంలో (ఇప్పటి జర్మనీ) పుట్టిన యూదు కుర్రాడు. పద్నాలుగేళ్లకు న్యూయార్క్‌లో దిగాడు. మిస్సోరీలోని చిల్లికాతే ఊళ్లో బంధువుల బట్టల కొట్లో పనికి చేరి, అందులోనే భాగస్తుడయ్యాడు. 1887లో ఆ ఊరికి మేయర్ కూడా అయ్యాడు. 1891లో బాయిసీ వచ్చి మగవాళ్ల బట్టల కొట్టు పెట్టి, చుట్టుపక్కల ఊళ్లకూ బ్రాంచీలు విస్తరించాడు. 1897లో, మళ్లీ 1901లో ఇక్కడా మేయరయ్యాడు. 1914లో గవర్నర్‌గా గెలిచాడు. యూదు మతం పాటించే మనిషి అమెరికాలో ఒక రాష్ట్రానికి గవర్నర్‌గా ఎన్నికవడం అదే మొదలు. అప్పట్లో ఐడహోలో యూదులు చాలా కొద్దిమందే. ఓట్లేసినవాళ్లు రైతులు, గని కార్మికులు, కొట్టుకొచ్చే మామూలు జనం. ఈ మాట ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే.

అలెగ్జాండర్ సమాధి ఉన్న శ్మశానం చూద్దామంటే తమ్ముడికి ఆఫీసు ఫోన్లు. సిటీ బస్సు కోసం ఎండలో నిలబడి నిలబడి విసుగొచ్చి చివరికి క్యాబ్ ఎక్కాను. రెండు మూడు మైళ్లకు 14 డాలర్లు! మన లెక్కలో వెయ్యి రూపాయలు దాటింది. మనసు చివుక్కుమంది కానీ, లేటా స్ట్రీట్‌లో దిగగానే ఆ సంగతే మర్చిపోయాను.

అక్కడ చిన్న చెక్క గుడి ఉంది. రంగు అద్దాల కిటికీలు, గుండ్రని తోరణాలు. అలెగ్జాండర్ ముందుండి స్థాపించిన బెత్ ఇజ్రాయెల్ అనే యూదు సమాజం 1896లో కట్టుకున్న ప్రార్థనాలయం ఇది. అప్పట్లో ఊరి నడిబొడ్డున స్టేట్ స్ట్రీట్‌లో ఉండేది. చోటు చాలక 2003లో భవనం భవనాన్నే బండ్ల మీదకెక్కించి వీధుల వెంట ఇక్కడికి తరలించారు. ఆయన సమాధి ఉన్న మోరిస్ హిల్ శ్మశానం ఇదే వీధిలో, నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. 1932లో పోయిన మనిషి దగ్గరికి డెబ్భై ఏళ్ల తర్వాత గుడి నడిచి వచ్చిందన్నమాట. నేను ఆ దారిలో రెండు వైపులా నడిచాను. ఎండ మండిపోతున్నా కదలబుద్ధి కాలేదు.

ఆయన చేసినవన్నీ నాకు నచ్చవు. 1916 జనవరి 1 నుంచి రాష్ట్రమంతా మద్యనిషేధం తెచ్చాడు, అది ఆయన నమ్మకం. 1917లో కార్మికులకు ప్రమాద పరిహారం చట్టం ఆయన హయాంలోనే వచ్చింది. అదే ఏడాది కార్మిక సంఘాల నోరు నొక్కే చట్టం మీద సంతకం పెట్టిందీ ఆయనే. వలస వచ్చి కష్టపడిన మనిషి ఆ సంతకం ఎలా పెట్టగలిగాడో నాకు మింగుడు పడదు.

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను. మరదలు పప్పు వడ్డిస్తూ, "బావగారూ, ఆయన అమెరికా వచ్చాక ఎన్నేళ్లకు మొదటిసారి మేయరయ్యాడు?" అంది.

"ఇరవై ఏళ్లకు."

తమ్ముడు తింటున్నవాడల్లా ఆగిపోయాడు. వాడింకా గ్రీన్ కార్డు క్యూలోనే ఉన్నాడు. పన్నులు కడతాడు, పిల్లలు ఇక్కడే పుట్టారు, కానీ వీధి దీపాల గురించి వేసే ఓటు కూడా లేదు. పద్నాలుగేళ్ల పిల్లవాడు ఓడ దిగి దేశంలో కలిసిపోయిన రోజులు వేరు, పుట్టిన దేశాన్ని బట్టి ఏళ్ల తరబడి నిలబెట్టే ఈ లెక్క వేరు. ఇది అన్యాయం అని గట్టిగానే అన్నాను.

"శనివారం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తాను అన్నయ్యా" అన్నాడు వాడు. "క్యాబ్ మాత్రం ఎక్కొద్దు, నీ కారే తీసుకెళ్లు" అన్నాను.